వీధి గుమ్మం కాదు... గది గుమ్మం దాటొద్దు!

2020లో విదేశాల నుంచి వచ్చినవారిని, కరోనా బాధితులతో దగ్గరగా మెలిగినవారిని 14 రోజులు హోం క్వారంటైన్‌లో ఉండమన్నాం. చాలా ఇళ్లలో దీన్ని ‘బయటికి వెళ్లకపోవడం’ అనే అనుకున్నారు. అసలు జాగ్రత్త మొదలవ్వాల్సింది ఇంటి లోపల.

‘‘మా అబ్బాయి అమెరికా నుంచి వచ్చి ఆరు రోజులైందండీ. జ్వరం లేదు, దగ్గు లేదు, శుభ్రంగా తింటున్నాడు. వీధి గడప దాటనివ్వలేదు. ఇక పర్వాలేదు కదా?’’

ఆ రోజుల్లో నాకు ఎక్కువగా వచ్చిన ఫోన్లు ఇలాంటివే. అడిగేవాళ్లు బాధ్యత తెలియనివాళ్లేం కాదు. చెప్పినట్టే అబ్బాయిని బయటికి పంపలేదు, చుట్టాలను రావద్దన్నారు, పాలవాడికి కూడా తలుపు తీయడం లేదు. ‘మరి ఇంట్లో ఎలా ఉంటున్నాడు?’ అని తిరిగి అడిగితే మాత్రం అసలు కథ బయటికొస్తుంది. హాల్లో అందరితో కలిసి టీవీ చూస్తున్నాడు. భోజనం డైనింగ్ టేబుల్ దగ్గర అందరితోపాటే. పగలంతా నాన్నమ్మ మంచం మీద కూర్చుని కబుర్లు. రెండేళ్ల తర్వాత వచ్చిన కొడుకు కదా, ఉగాది నాడు వాళ్లమ్మ దగ్గరుండి తలంటు పోసింది. ఉగాది పచ్చడి తన చేత్తోనే నోట్లో పెట్టింది.

ఇది హోం క్వారంటైన్ కాదు. లాక్‌డౌన్. రెండూ వేరు. 2020 ఉగాది నుంచి దేశమంతా ఇళ్లలోనే ఉండిపోయింది కాబట్టి రెండూ ఒకటేనన్న పొరపాటు మరీ పెరిగింది. లాక్‌డౌన్ ఒక ఇంటిని ఇంకో ఇంటి నుంచి విడిగా ఉంచుతుంది. హోం క్వారంటైన్ ఒక మనిషిని అదే ఇంట్లోని మిగతా మనుషుల నుంచి విడిగా ఉంచుతుంది. మొదటిదానికి హద్దు వీధి గుమ్మం. రెండోదానికి పడకగది గుమ్మం. వీధి తలుపు ఎంత గట్టిగా వేసుకున్నా, వైరస్ లోపలే ఉంటే ఆ తలుపు ఇంట్లోవాళ్లకు చేసే మేలేమీ లేదు. పైగా అప్పుడు రోజుకు పదహారు గంటలు అందరూ ఒకేచోట ఉన్నారు కాబట్టి దానికి పని సులువైంది.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, చైనా నిపుణులు కలిసి ఫిబ్రవరిలో ఒక నివేదిక ఇచ్చారు. అందులో గ్వాంగ్‌డాంగ్, సిచువాన్ రాష్ట్రాల్లో ఒకరి నుంచి ఒకరికి అంటుకున్న 344 గుంపులను పరిశీలించారు. వాటిలో 1,308 మంది బాధితులున్నారు. ఆ గుంపుల్లో నూటికి 78 నుంచి 85 కుటుంబాలే! అంటే బజారుకన్నా, బస్సుకన్నా ఇల్లే ఎక్కువగా అంటించింది.

‘బాగానే ఉన్నాడు’ అంటే...

ఆరో రోజుకు జ్వరం రాకపోవడం మంచి సంగతే. అక్కడితో గండం గడిచిందనుకోవడానికి లేదు. వైరస్ ఒంట్లో చేరినప్పటి నుంచి లక్షణాలు బయటపడేదాకా పట్టే కాలాన్ని పరిశోధకులు లెక్కగట్టారు. లక్షణాలు వచ్చినవారిలో సగం మందికి అవి సుమారు ఐదు రోజుల్లో కనిపించాయి. మిగతా సగం మందికి ఆ తర్వాతే. పదకొండున్నర రోజులు గడిచేసరికి నూటికి 97 మందికి పైగా బయటపడిపోయారు. 14 రోజులు అన్న గడువు ఇలాంటి లెక్కల మీద నిలబడిందే. విమానం దిగిన ఐదో రోజున ‘ఏమీ లేదు’ అనుకోవడం, పరీక్ష సగం రాసి పాసైపోయామనుకోవడం లాంటిది.

ఎయిర్‌పోర్టులో చూశారు కదా, అంటారు కొందరు. అక్కడ నుదుటి దగ్గర పెట్టి చూసేది ఒంటి వేడిని. ఆ నిమిషంలో జ్వరం ఉందా లేదా అన్నదొక్కటే అది చెబుతుంది. విమానంలో ఒక పారాసిటమాల్ మింగితే అదీ చెప్పదు. జ్వరం తగ్గుతుందిగానీ వైరస్ ఎక్కడికీ పోదు. ‘మరి గొంతు పరీక్ష చేయించేస్తే పోలా?’ అన్నది ఇంకో ప్రశ్న. ఒంట్లో వైరస్ ఇంకా తగినంత పెరగని రోజున పరీక్ష చేస్తే లేదనే వస్తుంది. రెండు రోజుల తర్వాత అదే మనిషిలో ఉందని రావచ్చు. ముందే వచ్చిన నెగెటివ్ కాగితం పట్టుకుని అతను గదిలోంచి బయటికొస్తే మనమే ప్రమాదం కొనితెచ్చుకున్నట్టు. అందుకే విదేశాల నుంచి వచ్చి ఏ లక్షణాలూ లేనివారిని 14 రోజులు ఇంట్లోనే ఉండమని, లక్షణాలు మొదలైతేనే పరీక్ష చేయాలని 2020 మార్చిలో ఐసీఎంఆర్ చెప్పింది.

2003లో వచ్చిన సార్స్ కూడా ఈ కుటుంబానికి చెందిన వైరస్ జబ్బే. ఎనిమిది వేల పైచిలుకు మందికి సోకి, 774 మందిని బలితీసుకుని, ఆ ఏడాది జులైకల్లా ఆగిపోయింది. అది అంత త్వరగా ఆగడానికి ఒక కారణం ఉంది. సార్స్ రోగి నుంచి వైరస్ ఎక్కువగా వెలువడేది జబ్బు ముదిరాక, రెండో వారంలో. అప్పటికి మనిషి మంచం పట్టి ఆసుపత్రిలో ఉండేవాడు. జ్వరం ఉన్నవాణ్ని పట్టుకుంటే చాలు, గొలుసు తెగేది. ఇప్పటి వైరస్ ఆ అవకాశం ఇవ్వడం లేదు. లక్షణాలు మొదలైన తొలి రోజుల్లోనే ముక్కులో, గొంతులో ఎక్కువగా ఉంటోంది. ఏ లక్షణమూ లేని మనిషిలోనూ దాదాపు అంతే మోతాదులో దొరికిన సందర్భం ఉంది. కాబట్టి ‘దగ్గు మొదలైతే గదిలో పెడదాంలే’ అనుకుంటే ఆలస్యమైనట్టే. బాగున్న మనిషినే గదిలో ఉంచాలి. మన ఇళ్లలో మింగుడుపడనిది ఈ ఒక్క మాటే.

యొకొహామా రేవులో ఆగిన ఓడ

ఇల్లు మూసి లోపల కలిసిమెలిసి ఉంటే ఏమవుతుందో చూడాలంటే డైమండ్ ప్రిన్సెస్ ఓడను చూడండి. 3,711 మంది ప్రయాణికులు, సిబ్బందితో ఫిబ్రవరి 3న ఆ ఓడ జపాన్‌లోని యొకొహామా చేరింది. ఎవరినీ దిగనివ్వలేదు. రెండు రోజుల తర్వాత ప్రయాణికులందరినీ క్యాబిన్లలోనే ఉండమన్నారు. చివరికి అందులో 712 మందికి వైరస్ సోకినట్టు తేలింది. పరీక్ష చేసిన రోజుకు వీరిలో దాదాపు సగం మందికి ఏ లక్షణమూ లేదు.

చాలామంది ఇక్కడితో ఆగి ‘చూశారా, క్వారంటైన్ పనిచేయలేదు’ అన్నారు. జపాన్ నిపుణులు రోజులవారీగా లెక్క తీస్తే తేలింది వేరు. క్యాబిన్లలో ఉంచడం మొదలయ్యాక ప్రయాణికుల్లో కొత్తగా సోకడం తగ్గిపోయింది. ఆగనిది రెండుచోట్ల. ఒకటి, ఓడ నడవడానికి, అందరికీ భోజనాలు అందించడానికి పని మానకుండా తిరిగిన సిబ్బందిలో. రెండు, ఒకే క్యాబిన్ పంచుకున్నవారిలో. తలుపు వెనక విడిగా ఉన్నవారికి రక్షణ దొరికింది, తలుపు లోపల కలిసి ఉన్నవారికి దొరకలేదు. మీ ఇంటికి వచ్చి చూస్తే ఆ సిబ్బంది స్థానంలో ఎవరున్నారో చెప్పక్కర్లేదు. అందరికీ వండి, అన్ని గదుల్లోకీ తిరిగి వడ్డించే అమ్మే.

కుర్రాడికి కాదు, నాన్నకు...

పాతికేళ్ల కుర్రాళ్లు కొందరు అడిగారు, ‘వచ్చినా జలుబులా వచ్చి పోతుందటగా?’ అని. వాళ్ల మాటలో నిజం ఉంది. చైనాలో ఫిబ్రవరి 11 వరకూ నిర్ధారణ అయిన 44,672 మందిని చూస్తే, నూటికి 81 మందికి జబ్బు తేలికపాటిగానే వచ్చింది. నలభై లోపువారిలో మరణాలు వెయ్యికి రెండే. కానీ అదే లెక్కలో 70 దాటినవారిలో నూటికి 8 మంది, 80 దాటినవారిలో నూటికి దాదాపు 15 మంది చనిపోయారు. షుగరున్నవారిలో నూటికి 7 మందికి పైగా, గుండెజబ్బు ఉన్నవారిలో నూటికి 10 మందికి పైగా.

ఇప్పుడు మీ ఇంట్లో మందుల డబ్బా తెరిచి చూడండి. షుగరు మాత్రో, బీపీ మాత్రో లేని మధ్యతరగతి ఇల్లు మన దగ్గర ఎక్కడుంది? కొడుకు తుమ్మి ఊరుకునే జబ్బు, అదే ఇంట్లో నాన్నను వెంటిలేటర్ దాకా తీసుకెళ్లొచ్చు. ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేసేవాళ్లం కాబట్టి మాకు ఇంకో భయం కూడా ఉంది. వెంటిలేటర్లు లెక్కపెట్టినన్నే ఉంటాయి. ఒకే వారంలో పది కుటుంబాల నాన్నలు వచ్చి వరసలో ఉంటే ఎవరికి ముందు పెట్టాలన్నది మేం నిర్ణయించుకోవాల్సి వస్తుంది. 2020 మార్చిలో ఇటలీ వైద్యులు ఆ పరిస్థితిలోనే ఉన్నారు.

2020లో చేతి మీద ముద్ర వేశారు. గుమ్మానికి నోటీసు అంటించారు. 1897 నాటి అంటువ్యాధుల చట్టం ఉంది. తప్పించుకు తిరిగితే కేసులూ పెట్టారు. ఇవన్నీ అవసరమే. కానీ పోలీసు నిలబడగలిగేది మీ వీధి గేటు దగ్గర. మీ పడకగది గుమ్మం దగ్గర నిలబడేది మీరే.

ఏ గది? ఎలా?

ముందు గది సంగతి. బాత్రూమ్ కలిసి ఉన్న గది ఇవ్వాలి. మన అపార్టుమెంట్లలో అది సాధారణంగా అమ్మానాన్నల పడకగది. మొహమాటపడకుండా అదే ఖాళీ చేసి ఇవ్వండి, మీరు హాల్లో పడుకోండి. కిటికీలు తెరిచే ఉంచాలి. ఎండలు ముదురుతున్నాయి, నిజమే. అయినా ఏసీ వేసి కిటికీలు బిగించుకోవడంకన్నా ఫ్యాన్ వేసుకుని గాలి ఆడనివ్వడమే మేలు. తలుపు మాత్రం వేసే ఉండాలి.

ఇంట్లో ఒకటే బాత్రూమ్ ఉంటే? క్వారంటైన్‌లో ఉన్నవారు అందరికన్నా చివర వాడాలి. మాస్కు పెట్టుకుని వెళ్లి, వాడాక కుళాయి తిప్పేవి, గడియ, ఫ్లష్ మీట వాళ్లే శుభ్రం చేసి రావాలి. కిటికీ తెరిచి ఉంచాలి. తువ్వాలు, బ్రష్, మగ్గు ఏవీ అక్కడ వదలకుండా తమ గదికే తీసుకెళ్లాలి. శుభ్రం చేయడానికి బ్లీచింగ్ పౌడర్ చాలు. మామూలుగా దొరికేదైతే లీటరు నీళ్లకు 30 గ్రాములు, ఏ రోజుకారోజు కలుపుకోవాలి. ఒక హెచ్చరిక. టాయిలెట్లు కడిగే యాసిడ్‌తో దీన్ని ఎప్పుడూ కలపకండి. విషవాయువు వస్తుంది. శుభ్రత మీద పట్టుదల కొద్దీ రెండూ కలిపి ఊపిరాడక ఆసుపత్రికి వచ్చేవాళ్లుంటారు.

భోజనం గది బయట స్టూలు మీద పెట్టి, పిలిచి, పక్కకు తప్పుకోండి. తర్వాత వాళ్లు తలుపు తీసి తీసుకుంటారు. కంచం, గ్లాసు, చెంచా విడిగా ఉంచాలి. సబ్బుతో తోముకుంటే చాలు, పారేయక్కర్లేదు. బట్టలు వాళ్లే డిటర్జెంట్‌లో నానబెట్టుకోవాలి. ఆ దుప్పట్లు, బట్టలు దులపకూడదు. తప్పనిసరై గదిలోంచి బయటికొస్తే మూడు పొరల మాస్కు ఉండాలి. దాన్ని ఆరు నుంచి ఎనిమిది గంటలకు మార్చేయాలి. చేతులు కడుక్కోవడం గురించి ఈపాటికి అందరూ చెప్పేశారు, నేను మళ్లీ చెప్పను.

స్టూలు మీద కంచం పెట్టే మనిషి ఒక్కరే ఉండాలి. రోజుకొకరు వద్దు. ఆ ఒక్కరు ఎవరన్నది చాలా ముఖ్యం. ఏ ఇంటికైనా ఈ పని అడక్కుండానే అమ్మ మీద పడుతుంది. ఆమెకు యాభై ఎనిమిదేళ్లు, బీపీ, షుగరు. దయచేసి ఆమెకు అప్పగించకండి. ఇంట్లో ఆరోగ్యంగా ఉన్న చిన్నవాళ్లు, తమ్ముడో చెల్లెలో చూసుకోవాలి. అరవై దాటినవాళ్లు, గర్భిణులు, చంటిపిల్లలు ఆ గది దరిదాపులకు పోకూడదు. అమ్మలతో ఒక మాట. వేడివేడి కాఫీ పట్టుకెళ్లి మంచం పక్కన ‘ఒక్క అయిదు నిమిషాలు’ కూర్చోవడం మీకు చిన్న విషయం. వైరస్‌కు ఆ అయిదు నిమిషాలే కావాలి. ఫోన్లో వీడియో కాల్ చేసుకుని ఇద్దరూ ఒకే సమయానికి భోంచేయండి. పక్క గదికి వీడియో కాలా అని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి.

పనిమనిషిని ఈ రెండు వారాలూ రావద్దని చెప్పండి. జీతం కోయకండి. ఆమె నాలుగిళ్లలో పనిచేస్తుంది, సాయంత్రానికి ఒకే గదిలో అయిదుగురు ఉండే ఇంటికి వెళ్తుంది. అక్కడ క్వారంటైన్‌కు గది ఎక్కడిది? ఆ లెక్కన, మీ ఇల్లు కూడా ఒకే గదిదైతే, లేదా పడకలో ఉన్న తాతగారిని విడిగా ఉంచే వీల్లేకపోతే, క్వారంటైన్ కేంద్రానికి వెళ్లడం నామోషీ కాదు. పెద్దవాళ్లను వేరే ఇంటికి పంపాలనుకుంటే మాత్రం మనిషి రాకముందే పంపాలి. మూడు రోజులు కలిసున్నాక పంపితే జబ్బును రెండో ఇంటికి పంపినట్టవుతుంది.

మందుల విషయం ఒకటి. 2020లో మలేరియా మందు హైడ్రాక్సీ క్లోరోక్విన్ కోసం షాపుల ముందు జనం చేరారు. డాక్టరు రాయకుండా మీ అంతట మీరు వేసుకోకండి. కొందరిలో గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. మాత్ర వేసుకున్నాం కదా అని గది తలుపు తెరవడం అంతకన్నా ప్రమాదం.

వేపమండల కాలం నుంచీ...

ఇదంతా పరాయి పద్ధతేం కాదు. ఇంట్లో పిల్లకు ఆటలమ్మ పోస్తే గుమ్మానికి వేపమండలు కట్టేవారు. అవి చూసి వచ్చినవాళ్లు గడప బయటి నుంచే మళ్లిపోయేవారు. పిల్లకు వేరే గది, వేరే చాప, వేరే కంచం. పొక్కులు ఎండేదాకా నీళ్లు పోసేవారు కాదు, నలుగురిలోకి రానిచ్చేవారు కాదు. పొక్కులన్నీ ఎండి పెచ్చు కట్టేదాకా చికెన్‌పాక్స్ అంటుకుంటుందని ఇప్పుడు మా పుస్తకాలూ అదే చెబుతున్నాయి. హైదరాబాద్ నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రిని పాతతరంవాళ్లు ఇప్పటికీ ‘కోరంటి దవాఖానా’ అంటారు. వందేళ్ల కిందట క్వారంటైన్ ఆసుపత్రిగా మొదలైంది కాబట్టి ఆ మాటే జనం నోట్లో కోరంటి అయింది.

వేపమండ కట్టిన ఇంటిని ఎవరూ వెలివేసేవారు కాదు. అమ్మవారు వచ్చిన ఇల్లని భక్తిగా చూసేవారు. 2020లో నోటీసు అంటించిన గుమ్మాన్ని ఫొటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టారు. అద్దె ఇల్లు ఖాళీ చేయమన్నారు. నీళ్ల క్యాన్ కూడా అందనివ్వలేదు. ఇది మనకే చేటు. ఒక ఇంటికి ఇలా జరగడం చూసినవాళ్లు రేపు తమ ఇంట్లో జ్వరమొస్తే ప్రయాణం సంగతి దాచేస్తారు. ఆసుపత్రికి వచ్చి ‘ఊళ్లోనే ఉన్నాను డాక్టరుగారూ’ అంటారు. ఆ అబద్ధంతో వార్డులో పక్క మంచంవాళ్లకు, నర్సులకు, మాకు అంటుతుంది. అపార్టుమెంట్ సంఘాలు చేయాల్సింది ఫొటోలు తీయడం కాదు. ఆ ఇంటికి కావాల్సిన పాలు, కూరలు, పెద్దవాళ్ల మాత్రలు రోజూ గుమ్మం దగ్గర పెట్టించడం. బయటికి రావాల్సిన అవసరమే లేకపోతే ఎవరూ రారు.

తేదీల లెక్క రాసిపెట్టుకోండి

విదేశీ విమానాలు 2020 మార్చి 22 నుంచి ఆగిపోయాయి. 21న దిగినవారికి ఏప్రిల్ 4 దాకా గడువు. బాధితులను కలిసినవారికి ఆఖరుసారి కలిసిన రోజు నుంచి లెక్క. ఇక్కడే ఒక మెలిక ఉంది. 21న వచ్చిన అబ్బాయి గదిలో కచ్చితంగా ఒంటరిగా ఉండి, 30న జ్వరం వచ్చి పరీక్షలో పాజిటివ్ అని తేలిందనుకోండి. ఇంట్లోవాళ్లు అతని దగ్గరికి పోలేదు కాబట్టి వాళ్లకు సోకే అవకాశం బాగా తక్కువ. అదే కలిసిమెలిసి ఉంటే, ఆ 30వ తేదీ నుంచి ఇంట్లో ప్రతి ఒక్కరికీ కొత్తగా 14 రోజులు మొదలవుతాయి. 9న చెల్లెలికి వస్తే, ఆమెతో కలిసున్నవాళ్లకు మళ్లీ అక్కడి నుంచి. విదేశం నుంచి ఇద్దరు కలిసి వచ్చినా ఇదే లెక్క. వీలుంటే వాళ్లకు కూడా రెండు గదులు ఇవ్వండి. ఒక్కరు రెండు వారాలు పాటించని గది నియమం, అయిదుగురిని నెలన్నర కట్టిపడేస్తుంది. లెక్క బాగుంటే అంతటితో సరి, బాగోకపోతే...

రోజుకు రెండుసార్లు జ్వరం చూసి కాగితం మీద రాయండి. జ్వరం, పొడిదగ్గు, ఆయాసం వీటిలో ఏది మొదలైనా నేరుగా ఆసుపత్రికి బయల్దేరకండి. ఆటోలోనూ, బస్సులోనూ అసలే వద్దు. మా ఓపీ వరండాలో డయాలసిస్‌కు వచ్చినవాళ్లు, నిండు గర్భిణులు కూర్చుని ఉంటారు. 2020లో 104కు ఫోన్ చేసి ఎక్కడి నుంచి ఏ తేదీన వచ్చారో చెబితే ఎక్కడికి, ఎలా రావాలో వాళ్లే చెప్పేవారు. ఆయాసం పెరుగుతున్నా, పెదాలు నీలంగా మారుతున్నా, మనిషి మాటలో తడబాటు వచ్చినా ఒక్క గంట కూడా ఆగొద్దు.

ఏ ఇబ్బందీ లేకుండా 14 రోజులు గడిస్తే ఆ గదిలోని దుప్పట్లు, తువ్వాళ్లు వేడినీళ్లలో డిటర్జెంట్ వేసి ఉతికి ఎండలో ఆరేయండి. గడియలు, స్విచ్చులు, టేబుల్, ఫోను, రిమోట్ తుడవండి. ఆ తర్వాత అబ్బాయి హాల్లోకి వచ్చి నాన్నమ్మ పక్కన కూర్చోవచ్చు. 2020లో వీధిలోకి మాత్రం ఇంకా వద్దన్నాం. అప్పటి నుంచి అతనికీ ఆ రోజుల్లో మనందరికీ ఉన్న లాక్‌డౌనే వర్తించింది.